కెనడా మందు, అమెరికా ధర: దిగుమతి వాదంలో ఆధారాలెంత?

2004లో అమెరికా కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ పనులను తనిఖీ చేసే జీఏఓ సంస్థ ఒక ప్రయోగం చేసింది. ఇంటర్నెట్‌లో మందులమ్మే దుకాణాలకు మామూలు కొనుగోలుదారుల్లా ఆర్డర్లు పెట్టి, పోస్టులో ఏమొస్తుందో చూసింది. 68 నమూనాలు చేతికొచ్చాయి. అమెరికా దుకాణాల నుంచి 29, కెనడా నుంచి 18, మిగతా దేశాల నుంచి 21. ఒక పొట్లం సీడీ పెట్టెలో దాక్కుని, చుట్టూ గోధుమరంగు టేపుతో వచ్చింది. ఇంకొకటి మరకలు పోగొట్టే మైనం అని రాసి ఉన్న అల్యూమినియం డబ్బాలో వచ్చింది. ల్యాబుకు పంపితే, ఆ 21లో నాలుగు నకిలీవనో, అడిగిన మందుతో పొంతన లేనివనో తేలింది. కెనడా నుంచి వచ్చినవి మాత్రం రసాయనికంగా అమెరికాలో అమ్మేవాటికి సమానమైనవే. అయినా వాటిలో చాలావాటిని అమెరికాలో అమ్మడానికి అనుమతి లేదు. కొన్నింటికి లేబుల్ వేరు, కొన్ని తయారైన ప్లాంటుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం లేదు.

మందుల దిగుమతి కావాలనేవాళ్ళు ఈ నివేదికలో 18 నమూనాలను చూపిస్తారు. వద్దనేవాళ్ళు 21 నమూనాలను చూపిస్తారు. డాక్టరు చీటీ మీద అమ్మే మందులను బయటి దేశాల నుంచి, ముఖ్యంగా కెనడా నుంచి, తక్కువ ధరకు తెచ్చుకోనివ్వాలా వద్దా అన్న వాదన అమెరికాలో పాతికేళ్ళుగా దాదాపు ఇలాగే నడుస్తోంది. దీనికి పార్టీల గీత కూడా లేదు. వామపక్షపు బెర్నీ శాండర్స్, ఫ్లోరిడా గవర్నరు రాన్ డిశాంటిస్, డొనాల్డ్ ట్రంప్ ముగ్గురూ దిగుమతిని సమర్థించినవాళ్ళే. 2019లో కెఎఫ్ఎఫ్ సంస్థ అడిగితే ఇంచుమించు 80 శాతం జనం సరేనన్నారు. ఇంత మద్దతున్న విషయం ఇన్నేళ్ళూ కాగితం మీదే ఎందుకుండిపోయింది? కంపెనీల పలుకుబడి అని వెంటనే జవాబు చెప్పేయవచ్చు. అది నిజమే గానీ, మొత్తం నిజం కాదు.

దొరికిన ఆధారాలను పక్కపక్కన పెట్టి చదివితే నాకు తోచింది ఇది. దిగుమతి ప్రమాదమన్న భయంలో అతిశయం ఉంది. దిగుమతితో డబ్బు మిగులుతుందన్న ఆశలో అంతకన్నా ఎక్కువ అతిశయం ఉంది. కెనడాలో మందు చౌకగా ఉండటానికి కారణం ఆ ప్రభుత్వం కంపెనీతో ఆడే బేరం. మాత్రను సరిహద్దు దాటించవచ్చు. బేరాన్ని దాటించడం కష్టం.

ధరల్లో తేడా ఎక్కడ, ఎంత

తేడా ఉన్న మాట వాస్తవం. ర్యాండ్ సంస్థ 2022 లెక్కలతో అమెరికాను 33 ఓఈసీడీ దేశాలతో పోల్చి 2024లో ఒక నివేదిక ఇచ్చింది. అన్ని మందులూ కలిపి చూస్తే అమెరికా ధరలు 2.78 రెట్లు. బ్రాండ్ మందులను విడిగా చూస్తే నాలుగు రెట్లు దాటాయి. బీమా వ్యవస్థకు కంపెనీలు లోపాయికారీగా ఇచ్చే రిబేట్లను అంచనా వేసి తీసేసినా మూడు రెట్లకు పైనే. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. అదే నివేదికలో తక్కువమంది పట్టించుకునే అంకె ఇంకొకటుంది. బ్రాండ్ పేరు లేని జెనరిక్ మందులు అమెరికాలో మిగతా దేశాలకన్నా చౌక. సగటున మిగతాచోట్ల వంద ఉన్నది అక్కడ 67. అమెరికాలో డాక్టరు చీటీ మీద అమ్ముడయ్యే మందుల్లో పరిమాణం ప్రకారం పదింట తొమ్మిది వంతులు జెనరిక్‌లే.

అంటే కెనడా దాకా వెళ్ళి తెచ్చుకుంటే లాభించేవి ఆ మిగతా పదోవంతులోని మందులు. ఖర్చులో సింహభాగం వాటిదే కాబట్టి సమస్య చిన్నదని అనడం లేదు. కానీ ‘అమెరికాలో మందులు ఖరీదు’ అన్న మాటను గంపగుత్తగా తీసుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఇన్సులిన్ సంగతి ఈ వాదానికి ముఖచిత్రంలాంటిది. ర్యాండే చేసిన మరో అధ్యయనం ప్రకారం 2018లో ఒక ప్రామాణిక యూనిట్ ఇన్సులిన్‌కు కంపెనీ ధర అమెరికాలో సగటున 98.70 డాలర్లు, కెనడాలో 12 డాలర్లు. టొరంటోలో కనుక్కున్న మందు ఇది. దాని పేటెంటును కనుగొన్న శాస్త్రవేత్త బాంటింగ్ బృందంవాళ్ళు 1923లో ఒక్కొక్క డాలరు చొప్పున తీసుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారు. 2019లో టైప్-1 షుగరు ఉన్నవాళ్ళూ, వాళ్ళ తల్లిదండ్రులూ మినెసోటా నుంచి కార్లు వరసకట్టి కెనడా వెళ్ళి ఇన్సులిన్ కొనుక్కొచ్చారు. ఆ జులైలో శాండర్స్ ఒక బృందంతో కలిసి డెట్రాయిట్ నుంచి నది దాటి విండ్సర్‌లో మందుల షాపుకు వెళ్ళాడు. ఫొటోలు బాగా వచ్చాయి. చట్టంలోని మెలిక మాత్రం ఫొటోలకందదు. టోకున కెనడా మందులు తెచ్చుకోవడానికి వీలిచ్చే నిబంధనలో ఇన్సులిన్‌కు చోటే లేదు. జీవకణాల నుంచి తయారయ్యే మందులు, సిరలోకి ఎక్కించేవి, మత్తు కలిగించే నియంత్రిత మందులు దానికి బయట ఉన్నాయి. ఏ మందును చూపించి జనాన్ని కదిలించారో, ఆ మందే ఆ చట్టం కింద రాదు.

చివరికి ఇన్సులిన్ ధర తగ్గింది వేరే దారిలో. 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టం వృద్ధుల బీమా మెడికేర్‌లో నెలకు 35 డాలర్ల పరిమితి పెట్టింది. 2023 మార్చిలో మూడు పెద్ద కంపెనీలూ తమ ప్రధాన ఇన్సులిన్‌ల ప్రకటిత ధరల్లో 70 శాతం, ఆపైన కోత ప్రకటించాయి. వెనక పేదల బీమా మెడికెయిడ్ రిబేట్ నిబంధనల ఒత్తిడి కూడా ఉంది. కెనడా వెళ్ళిన ఆ కార్లు ధరల మీద ఒత్తిడికి రాజకీయంగా ఎంత తోడ్పడ్డాయో కొలవడానికి సాధనం లేదు. కొంత తోడ్పడ్డాయనే అనుకోవచ్చు.

చట్టంలోని తలుపు, దాని గడియ

1988లో రేగన్ సంతకం చేసిన చట్టం అమెరికాలో తయారై బయటికెళ్ళిన మందును తిరిగి తెచ్చే హక్కును తయారీదారుకు తప్ప ఎవరికీ లేకుండా చేసింది. 2000లో కాంగ్రెస్ ఆ కట్టు కొంత సడలించే చట్టం చేసింది. అందులో ఒక షరతు ఉంది. దిగుమతి వల్ల ప్రజల ఆరోగ్యానికి అదనపు ముప్పు లేదనీ, ధరలు చెప్పుకోదగ్గంత తగ్గుతాయనీ ఆరోగ్యశాఖ మంత్రి ధ్రువీకరించాలి. క్లింటన్ మంత్రి డోనా షలేలా ఆ డిసెంబరులోనే కుదరదంది. తర్వాతి ఏడాది బుష్ మంత్రి టామీ థామ్సన్ కూడా అదే మాట అన్నాడు.

2003 మెడికేర్ చట్టం ఈ కథకు అసలు కీలకం. కెనడా నుంచి దిగుమతికి వీలుకల్పించే సెక్షన్‌ను మళ్ళీ రాసి, అదే ధ్రువీకరణ షరతు తగిలించారు. మెడికేర్‌లో మందుల బీమా మొదలుపెట్టిందీ ఆ చట్టమే. అయితే కంపెనీలకూ బీమా పథకాలకూ మధ్య జరిగే ధరల బేరంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదని కూడా అందులోనే రాశారు. ప్రపంచంలో అతిపెద్ద మందుల కొనుగోలుదారుల్లో ఒకటైన ప్రభుత్వం బేరమాడకూడదు. పక్కదేశం ఆడిన బేరంలో వాటా మాత్రం, మంత్రి ఒప్పుకుంటే, తెచ్చుకోవచ్చు. ఈ రెండు నిబంధనలనూ కలిపి చదవకపోతే దిగుమతి వాదం ఎందుకంత ఊపందుకుందో అర్థం కాదు. ముందుదారి మూసేశారు కనుక జనం పక్కదారి వెతికారు.

2009 డిసెంబరులో, ఒబామా ఆరోగ్య చట్టం మీద చర్చ సాగుతుండగా, సెనేటర్ బైరన్ డోర్గన్ దిగుమతిని అనుమతించే సవరణ తెచ్చాడు. 51 మంది అనుకూలం, 48 మంది వ్యతిరేకం. కావలసింది 60. మంత్రి ధ్రువీకరణ మాత్రం 2020 సెప్టెంబరులో, ట్రంప్ మొదటి ప్రభుత్వం చివరి నెలల్లో, అలెక్స్ అజార్ చేతుల మీదుగా వచ్చింది. చట్టంలో ఆ షరతు మొదట పుట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు.

ఈ మధ్యలో 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు కూడా చెప్పుకోవాలి. ప్రింటర్ సిరా డబ్బాల గురించిన లెక్స్‌మార్క్ కేసు అది. పేటెంటుదారు ఒక వస్తువును విదేశంలో తానే అమ్మితే, దాన్ని అమెరికాకు తెచ్చుకునేవాళ్ళను పేటెంటు పేరుతో ఆపలేడని కోర్టు తేల్చింది. దీంతో కంపెనీ స్వయంగా కెనడాలో అమ్మిన మందుకు పేటెంటు అడ్డు పోయినట్టే. మిగిలిన అడ్డు ఔషధ భద్రత చట్టం. అందుకే ఆ తర్వాత వాదమంతా భద్రత చుట్టూ ఇంకా గట్టిగా బిగుసుకుంది.

ఆదా లెక్కలు

అధికారిక అంచనాలు మొదటినుంచీ చప్పగానే ఉన్నాయి. 2004లో కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం సీబీఓ లెక్కకట్టింది. చాలా దేశాల నుంచి దిగుమతిని అనుమతిస్తే పదేళ్ళలో సుమారు 4,000 కోట్ల డాలర్లు, అంటే మొత్తం మందుల ఖర్చులో ఒక శాతం మిగులుతుంది. ఒక్క కెనడాకే పరిమితం చేస్తే మిగిలేది లెక్కలోకి రానంత తక్కువ. అదే ఏడాది డిసెంబరులో ఆరోగ్యశాఖ టాస్క్‌ఫోర్స్ కూడా ఒకటి రెండు శాతం దగ్గరే ఆగింది. ఈ టాస్క్‌ఫోర్స్‌ను వేసింది దిగుమతి ఇష్టంలేని ప్రభుత్వమే కనుక దాని మాట కొంచెం తగ్గించి వినాలి. సీబీఓకు అలాంటి మొగ్గు అంటగట్టడం కష్టం.

రెట్లలో తేడా ఉన్న ధరలు ఒక శాతం ఆదాగా ఎలా కరిగిపోతాయి? దీనికి జవాబు అంచనాల్లో కన్నా 2003లో జరిగిన సంఘటనల్లో బాగా కనిపిస్తుంది. ఆ జనవరిలో గ్లాక్సోస్మిత్‌క్లైన్ కెనడాలోని మందుల షాపులకు ఒక మాట చెప్పింది. అమెరికన్లకు పోస్టులో అమ్మితే మీకు సరుకు ఆపేస్తాం. కొద్దినెలల్లో ఆస్ట్రాజెనెకా, వైయెత్, ఫైజర్ అదే బాట పట్టాయి. ఒక ఇంటిపెద్ద గట్టిగా బేరమాడి కందిపప్పు చౌకగా తెస్తున్నాడని వీధివీధంతా ఆ ఇంటికే గిన్నెలు పట్టుకొస్తే, మర్నాటి నుంచి కొట్టువాడు ఆ ఇంటికి సరిపడా మాత్రమే కొలుస్తాడు కదా. సరఫరా ఎవరి చేతిలో ఉందో దిగుమతి పరిమాణం కూడా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఏ చట్టమూ కంపెనీ చేత కెనడాకు అదనంగా సరుకు పంపించలేదు.

కెనడాకు కూడా పంచుకునే ఉద్దేశం లేదు. ఆ దేశ జనాభా సుమారు 4 కోట్లు, అమెరికాది 33 కోట్లు దాటింది. ఒక్క ఫ్లోరిడాలోనే రెండు కోట్ల మందికి పైగా ఉన్నారు. పైగా కెనడా తన మందుల్లో అధికభాగం బయటి నుంచే తెచ్చుకుంటుంది. అమెరికా నిబంధన అమల్లోకి రాబోతుండగా, 2020 నవంబరులో కెనడా ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో కొరత తెచ్చే లేదా పెంచే అవకాశమున్న ఏ మందునూ బయటి మార్కెట్టుకు పంపకూడదు. తర్వాతి ఏడాది దాన్ని శాశ్వత నిబంధనగా మార్చింది.

ఈ రెండు గోడల మధ్య ఇరుక్కున్నది ఫ్లోరిడా. ఆ రాష్ట్రం 2019లో చట్టం చేసి, 2020 నవంబరులో దరఖాస్తు పెట్టి, ఆలస్యమవుతోందని 2022లో ఎఫ్‌డీఏ మీద కేసు వేసి, చివరికి 2024 జనవరి 5న దేశంలో మొదటి అనుమతి సంపాదించింది. జైళ్ళు, ప్రభుత్వ ఆరోగ్య విభాగాల్లో వాడే హెచ్‌ఐవీ, మానసిక వ్యాధులు, ప్రోస్టేట్ క్యాన్సర్ మందులతో మొదలుపెట్టి ఏడాదికి 18 కోట్ల డాలర్ల దాకా మిగులుస్తామని రాష్ట్రం చెప్పింది. అనుమతి వచ్చాక కూడా ఒక్కో మందుకూ విడిగా దిగుమతి అభ్యర్థన పెట్టుకోవాలి. ప్రతి సరుకులోనుంచి నమూనాలు తీసి అమెరికా ల్యాబులో పరీక్షించాలి, కెనడా లేబుల్ తీసి అమెరికా లేబుల్ వేయాలి. అనుమతి వచ్చి ఏడాది గడిచినా ఫ్లోరిడాకు కెనడా మాత్ర ఒక్కటి రాలేదు. వెర్మాంట్ 2018లోనే దేశంలో మొదటగా ఇలాంటి చట్టం చేసింది. అక్కడి కథా ఇంతే. కాబట్టి ‘దిగుమతి విఫలమైంది’ అనడం కన్నా, టోకు దిగుమతిని ఇంకా ఎవరూ చేసి చూడలేదనడం సరైన మాట. మన చేతిలో ఉన్నవి అంచనాలే, ఫలితాలు కావు.

ఫలితాలు కావాలంటే ఐరోపా వైపు చూడాలి. అక్కడ ఒక సభ్యదేశంలో చౌకగా కొన్న మందును మరో సభ్యదేశంలో అమ్ముకోవడం దశాబ్దాలుగా చట్టబద్ధం. గ్రీసులోనో స్పెయిన్‌లోనో కొని, పెట్టె మార్చి, జర్మన్ లేదా ఇంగ్లిష్ చీటీ అంటించి అమ్మే వ్యాపారులున్నారు. దీనివల్ల ఎంత మిగిలింది? 2003లో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఐదు దేశాల్లో ఏడాదికి 60 కోట్ల యూరోలకు పైగా అన్నారు. మర్నాడే అన్నట్టు 2004లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి పనోస్ కనావోస్ బృందం ఆరు దేశాలు చూసి, బీమా సంస్థలకు మిగిలింది ఐదు కోట్ల యూరోల లోపేననీ, లాభంలో ఎక్కువ భాగం మధ్యలోని వ్యాపారుల జేబుల్లోకి వెళ్ళిందనీ తేల్చింది. మొదటి అధ్యయనానికి డబ్బిచ్చింది ఆ వ్యాపారుల సంఘం. రెండోదానికిచ్చింది జాన్సన్ అండ్ జాన్సన్. ఎవరి సొమ్ము తిన్న లెక్క వాళ్ళ పాట పాడిందని కొట్టిపారేయాలనిపిస్తుంది గానీ, రెండూ వేర్వేరు వాటిని కొలిచాయన్నది ఇంకొంచెం న్యాయమైన మాట. ఈ రెంటికన్నా నాకు నమ్మకం కలిగించేది గన్స్‌లాండ్, మాస్కస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు స్వీడన్ మీద చేసిన పని. స్వీడన్ 1995లో ఐరోపా సమాఖ్యలో చేరాక, దిగుమతుల పోటీ ఎదురైన మందుల ధరలు మిగతావాటితో పోలిస్తే 12 నుంచి 19 శాతం తగ్గాయని వాళ్ళు లెక్కకట్టారు. అంటే పోటీ పనిచేస్తుంది. కానీ స్వీడన్‌కు సరుకు ఇచ్చింది ఒక్క పొరుగు దేశం కాదు, మొత్తం ఉమ్మడి మార్కెట్టు. కెనడా ఒక్కదానితో అది జరుగుతుందనడానికి ఈ అధ్యయనం సాక్ష్యం కాజాలదు.

భయం ఎంతవరకు సబబు

2005లో ఎఫ్‌డీఏ నాలుగు దేశాల నుంచి వచ్చే పార్సిళ్ళను విమానాశ్రయాల్లో ఆపి చూసింది. వాటిలో మన దేశం కూడా ఉంది. దాదాపు సగం పార్సిళ్ళు ‘కెనడా ఫార్మసీ’ అనుకుని ఆర్డరిచ్చినవాళ్ళవే. కెనడావని ప్రచారం చేసిన ఆ మందుల్లో 85 శాతం నిజానికి వచ్చింది 27 ఇతర దేశాల నుంచి. 2012లో అసలు మందే లేని అవాస్టిన్ క్యాన్సర్ ఇంజెక్షన్లు అమెరికా డాక్టర్ల క్లినిక్కులకు చేరాయి. ఆ కేసులో విన్నిపెగ్‌లోని ఒక ఆన్‌లైన్ మందుల సంస్థ 2018లో నేరం ఒప్పుకుంది. ఇవి కల్పిత భయాలు కావు.

అయితే ఇవి రుజువు చేసేది ఏమిటి? కెనడా ప్రభుత్వ లైసెన్సున్న దుకాణంలో కొన్న మందు చెడ్డదని కాదు. మారుపేరుతో అమ్మే వెబ్‌సైటు ప్రమాదమని. రోజర్ బేట్ అనే ఆర్థికవేత్త సహచరులతో కలిసి రకరకాల ఆన్‌లైన్ దుకాణాల నుంచి మందులు కొని పరీక్షించాడు. ధ్రువీకరణ ఉన్న సైట్ల మందులు పరీక్షలో నెగ్గాయి. తప్పినవి ధ్రువీకరణ లేని సైట్లవి. జీఏఓ ప్రయోగం చెప్పిందీ ఇదే. టోకు దిగుమతి నిబంధన కోరేది లైసెన్సున్న అమ్మకందారు, లైసెన్సున్న దిగుమతిదారు, ల్యాబు పరీక్ష. దాని మీద చర్చలో సీడీ పెట్టె పార్సిళ్ళను చూపించడం అసంగతం.

ఇంకో సంగతి. ‘దిగుమతి మందు’ అంటే అమెరికాకు కొత్తేమీ కాదు. 2019లో ఎఫ్‌డీఏ అధికారి జానెట్ వుడ్‌కాక్ కాంగ్రెస్ ముందు చెప్పిన లెక్క ప్రకారం, అమెరికా మార్కెట్టుకు మందుల మూలపదార్థాలు తయారుచేసే ప్లాంట్లలో 72 శాతం దేశం బయటే ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నవాళ్ళకు ఈ విషయం వేరే చెప్పక్కర్లేదు. న్యూజెర్సీలో మందుల షాపువాడు నారింజరంగు సీసాలో పోసిచ్చే బీపీ మాత్ర జడ్చర్లలోనో బాచుపల్లిలోనో తయారై ఉండవచ్చు. ఆ సీసా మీద దేశం పేరు ఉండాలన్న నియమం కూడా లేదు. 1961లో పుట్టిన ఐడీపీఎల్, అందులో పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి లాంటివాళ్ళు, తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు ఇవ్వని 1970 చట్టం, ఇవన్నీ కలిసి కట్టిన పరిశ్రమ ఇది. మందుల ఎగుమతి మండలి ఫార్మెక్సిల్ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లో ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఈ మార్గంలో కూడా ప్రమాదాలు జరిగాయి. 2008లో చైనా ముడిసరుకుతో వచ్చిన కలుషిత హెపారిన్ వల్ల పదుల కొద్దీ మరణాలు నివేదికల్లోకెక్కాయి. అది దొంగచాటున వచ్చిన సరుకు కాదు, దొడ్డిదారి వెబ్‌సైటుదీ కాదు. 2023లో తమిళనాడులోని ఒక ప్లాంటు నుంచి వెళ్ళిన కంటి చుక్కలతో అమెరికాలో మొండి బ్యాక్టీరియా సోకి నలుగురు చనిపోయారు. అవి డాక్టరు చీటీ అక్కర్లేని చుక్కలు. ఆ ప్లాంటులోకి ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు మొదటిసారి అడుగుపెట్టింది ప్రమాదం బయటపడ్డాకే. మన ప్లాంట్లలో ‘ఫారం 483’ అన్న మాట వింటే క్వాలిటీ విభాగానికి నిద్ర ఉండదు. ఇన్‌స్పెక్టరు కంటపడ్డ లోపాల జాబితా అది. కానీ అమెరికాలో చెప్పకుండా దిగే ఆ ఇన్‌స్పెక్టర్లు ఇండియా, చైనాలకు వచ్చేముందు పన్నెండు వారాల ముందే కబురు పంపే సందర్భాలుండేవని జీఏఓ 2019లో ఎత్తిచూపింది. మందు సరిహద్దు దాటిందా లేదా అన్నదానికన్నా, తయారైనచోట ఎవరు, ఎంత తరచుగా, చెప్పకుండా చూస్తున్నారన్నదే భద్రతను తేలుస్తుంది. ఆ కొలమానంతో చూస్తే కెనడా మందును అనుమానించేవాళ్ళు ముందుగా అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడున్న సరఫరా గురించే.

సూట్‌కేసులో వెళ్ళేవి

సొంతానికి తెచ్చుకునేవాళ్ళు ఎందరు? 2015-17 జాతీయ ఆరోగ్య సర్వేను విశ్లేషించిన ఒక అధ్యయనం అమెరికాలో డాక్టరు చీటీ మందులు వాడే పెద్దవాళ్ళలో 1.5 శాతం, అంటే 23 లక్షల మంది, ధర కోసం బయటి దేశాల్లో మందులు కొన్నారంది. 2016లో కెఎఫ్ఎఫ్ సర్వేలో ఎనిమిది శాతం తామో, ఇంట్లోవాళ్ళో ఎప్పుడో ఒకప్పుడు కొన్నామన్నారు. ఈ రెండు అంకెల మధ్య వైరుధ్యం లేదు. ఒకటి ఏడాది గురించి అడిగింది, ఇంకొకటి ఇంటిల్లిపాది జీవితకాలం గురించి. బీమా లేనివాళ్ళు, వలస వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇలా కొంటున్నారని మొదటి అధ్యయనం చెప్పింది.

ఆ వలసవాళ్ళలో మనవాళ్ళున్నారని చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఆరు నెలలకు పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నల సూట్‌కేసులో ఆవకాయ సీసా, పొడుల ప్యాకెట్లతో పాటు బీపీ, షుగరు, థైరాయిడ్ షీట్లు కట్టలు కట్టి ఉంటాయి. వాటి మీద డాక్టరు చీటీ జిరాక్సు. సందర్శకులు తమ వాడకానికి తొంభై రోజుల మందు, అసలు ప్యాకింగులో, చీటీతో తెచ్చుకోవడాన్ని ఎఫ్‌డీఏ సాధారణంగా ఆక్షేపించదు. షీట్లలోంచి విప్పి స్టీలు డబ్బాలో పోసి తీసుకెళ్తే మాత్రం కస్టమ్స్ దగ్గర ఆ మాత్ర ఏమిటో చెప్పే ఆధారం ఉండదు. అక్కడే నివసించేవాళ్ళు తెప్పించుకోవడం వేరే సంగతి. అది చట్టం ప్రకారం సాధారణంగా తప్పే. కొద్ది పరిమాణాన్ని అధికారులు విచక్షణతో వదిలేయవచ్చు, అంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ సూట్‌కేసులోని మందులు ఎక్కువగా పాత జెనరిక్‌లు. అమెరికాలో అవీ చౌకే. 2006లో వాల్‌మార్ట్ ఫ్లోరిడాలోని టాంపాలో మొదలుపెట్టిన పథకంలో అలాంటి చాలా మందులు నెలకు 4 డాలర్లకే ఇచ్చారు. మనవాళ్ళు ఆదా చేసేది మాత్ర ధర కన్నా ఆ మాత్ర రాయించుకోవడానికి డాక్టరుకిచ్చే ఫీజు అని నా అనుమానం. దీన్ని ఎవరైనా సర్వే చేస్తే బాగుండును.

నిజంగా ఖరీదైన మందులు సూట్‌కేసు వ్యవహారంతో తేలవు. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు మన పేటెంట్ కార్యాలయం కాలేయ, మూత్రపిండాల క్యాన్సర్ మందు సోరఫెనిబ్‌కు తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. నెలకు రూ.2.80 లక్షలున్న మందు రూ.8,880కి దిగింది. ఆ చౌకదనం భారత చట్టంలోని ఒక సెక్షన్ నుంచి వచ్చింది, దేశంలోని రోగులకోసం వచ్చింది. అప్పట్లో పేటెంటు అమల్లో ఉన్న అమెరికాలో ఆ మాత్రను అమ్మే వీలు లేకపోయింది. కెనడా ధరలకూ ఇదే వర్తిస్తుంది. 1987లో పుట్టిన ధరల సమీక్ష బోర్డు, రాష్ట్రాలన్నీ కలిసి చేసే బేరం, వాటి వెనక ఉన్న చట్టాలు తీసేస్తే కెనడా మాత్ర మామూలు మాత్రే.

సొంత దిగుమతిని ఒక సంస్థ పద్ధతిగా చేసిన ఉదాహరణ యూటాలో ఉంది. ఆ రాష్ట్ర ఉద్యోగుల బీమా పథకం కొన్ని అతి ఖరీదైన మందులు వాడేవాళ్ళకు శాన్‌డియేగో దాకా విమానం టికెట్టూ, ట్రిప్పుకు 500 డాలర్ల నగదూ ఇచ్చి, సరిహద్దు అవతల టిహువానాలో మందు కొనుక్కురమ్మని పంపింది. టికెట్టూ నగదూ పోను ఇంకా మిగిలేదంటే ఆ మందుల ధర ఎంతో ఊహించుకోవచ్చు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందికి ఇది పనికొస్తుంది. సంఖ్య పెరిగితే గ్లాక్సో 2003లో చేసిన పనే మళ్ళీ జరుగుతుంది.

సరుకు నుంచి ధర వైపు

2022 చట్టంతో మెడికేర్‌కు మొదటిసారి బేరమాడే అధికారం వచ్చింది. తొలి పది మందుల ధరలు 2024 ఆగస్టులో ప్రకటించారు, 2026 జనవరి నుంచి అమలు. దాంతో దిగుమతి వాదం వాడి కొంత తగ్గింది. 2025 మే 12న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ఇంకో అడుగు ముందుకేసింది. సరుకు తెచ్చుకోవడం మాని, ఇతర సంపన్న దేశాల్లో ఉన్న అతితక్కువ ధరనే అమెరికాలోనూ ఇవ్వమని కంపెనీలను అడగడం దాని సారం. సెప్టెంబరు చివర ఫైజర్‌తో మొదలై ఒక్కొక్క కంపెనీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటూ వచ్చింది. షరతులు రహస్యంగా ఉంచారు కనుక నికరంగా ఎంత తగ్గిందో బయటివాళ్ళు లెక్కకట్టలేరు.

పరాయి దేశపు ధరను కొలబద్దగా పెడితే కంపెనీలు రెండు రకాలుగా స్పందించవచ్చు. అమెరికాలో ధర దించవచ్చు, లేదా ఆ కొలబద్దనే పెంచవచ్చు. రెండోదానికి ఉదాహరణ వెంటనే దొరికింది. ఐరోపా, అమెరికా ధరల మధ్య తేడా తగ్గించాలన్న కారణం చెప్పి ఎలై లిలీ 2025 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో షుగరుకూ బరువు తగ్గడానికీ వాడే మౌంజారో ఇంజెక్షన్ ప్రకటిత ధరను 170 శాతం దాకా పెంచింది. అత్యధిక డోసు నెలకు 122 పౌండ్ల నుంచి 330 పౌండ్లకు చేరింది. ఈ పెంపు ప్రైవేటుగా, సొంత డబ్బుతో కొనుక్కునే బ్రిటిషర్లకు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ బేరమాడి కుదుర్చుకున్న ధర మాత్రం మారలేదు.